ఎండ ఎవరి వాటా

బుచ్చవ్వ మెట్ల మధ్యలో కూర్చుని రెండు గంటలైంది.

పైకి రానంటోంది, కిందికి పోనంటోంది. బట్టల మూట ఒళ్లో పెట్టుకుని, మొదటి అంతస్తులో కిరాయికి ఉంటున్న చక్రపాణి గుమ్మం ముందు కూలబడింది. చక్రపాణి తల్లి వెంకాయమ్మ ముందు కుర్చీ తెచ్చి వేసింది, తరవాత మజ్జిగ తెచ్చింది. బుచ్చవ్వ మజ్జిగ తాగింది గాని కుర్చీ ఎక్కలేదు.

ఆ రోజు మే ఒకటో తారీఖు. ఒకటో తారీఖంటే ఆ ఇంట్లో బుచ్చవ్వ చోటు మారే రోజు. భర్త కాలం చేసినప్పటి నుంచి ఇదే పద్ధతి. ఒక నెల నేలంతస్తులో పెద్దకొడుకు ధనరాజ్ దగ్గర, మరుసటి నెల రెండో అంతస్తులో చిన్నకొడుకు బాల్‌రాజ్ దగ్గర. ఏప్రిల్ కింద గడిచింది, మే పైన గడవాలి. జ్వరమొచ్చినా, పండగొచ్చినా పన్నెండేళ్లలో ఒక్క వంతూ తప్పలేదు.

కాని ఐదు రోజుల కిందట మనవరాలిని చూసొద్దామని ఆమె మిట్టమధ్యాహ్నం పైకి వెళ్లింది. చిన్నకోడలు రోహిణి వంటింట్లో మంచినీళ్ల గ్లాసు పట్టుకున్న బుచ్చవ్వ, నిలబడ్డ చోటే కళ్లు తేలేసింది. దవాఖానలో రెండు సీసాల సెలైన్ ఎక్కించారు. ఎండదెబ్బ అన్నాడు డాక్టరు. ఇంట్లో ఉన్న మనిషికి ఎండదెబ్బేమిటని ధనరాజ్ అడిగితే, ఎండ బయటే ఉండాలని ఎక్కడ రాసుందండీ అన్నాడట.

అందుకే ఈ ఉదయం తల్లి మూట కట్టుకుంటుంటే ధనరాజ్ అడ్డం నిలబడ్డాడు. వానలు పడేదాకా పైకి పంపనన్నాడు. వంతు వంతేనంది తల్లి. మాటా మాటా పెరిగింది. చివరికి బుచ్చవ్వ సగం మెట్లెక్కి ఆగిపోయింది. మీరు మీరు తేల్చుకుని చెప్పండి, ఎటు చెబితే అటు పోతాను, అంతదాకా ఇక్కడే ఉంటానంది.

ఇప్పుడు రోహిణి పై మెట్టు మీద నిలబడి ఉంది, ధనరాజ్ కింది మెట్టు మీద. మధ్యలో అత్త.

బావ ముందు గొంతెత్తడం రోహిణికి అలవాటు లేదు. పందొమ్మిదేళ్ల కాపురంలో ఆమె ధనరాజ్‌కు ఎదురుచెప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాని ఐదు రోజులుగా ఇంటిల్లిపాదీ అత్త గురించే మాట్లాడుతున్నారు. అదే వంటింట్లో రెండు పూటలా వండే మనిషి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఆ కోపం లోపల్లోపల ఉడుకుతూనే ఉంది.

“బావా, ఒక్క మాట అడుగుత,” అంది. “పైన అత్తమ్మ ఉండొద్దు అంటున్నరు. మంచిదే. మరి నా బిడ్డ ఉండొచ్చా?”

“అది వేరే ముచ్చట. అవ్వకు డెబ్బై ఆరేండ్లు.”

“సాయిప్రియకు పదిహేడు. అత్తమ్మకు పనికిరాని ఇల్లు దానికెట్ల పనికొస్తది?”

ధనరాజ్ తాపీగా గోడకు ఆనుకున్నాడు. పాతికేళ్లుగా ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల ప్లాట్లు కొనిపిస్తూ, అమ్మిపెడుతూ పెద్దవాడైన మనిషి. ఎదుటివాళ్లు వేడెక్కిన కొద్దీ తాను నెమ్మదించడం ఆయనకు వృత్తిలోనే అబ్బింది.

“ఇల్లు పనికిరాదని ఇయ్యాల తెలిసిందా?” అన్నాడు. “ఏరి కోరుకున్నది నీ మొగడే గదా.”



వాటాలకు వాళ్ల వంశంలో తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందుగా కోరుకోవాలి. తనకేది మిగులుతుందో తెలియదు గనక పెద్దవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పంచుతాడు. పన్నెండేళ్ల కిందట ధనరాజ్ అలాగే పంచాడు. నేలంతస్తు ఒక వాటా, రెండో అంతస్తూ దాని మీది డాబా రెండో వాటా. మధ్య అంతస్తు తల్లి పేరు మీద ఉండాలి, దాని కిరాయి మొత్తం ఆమెదే, మందులకనో ఖర్చులకనో ఎవరూ అందులో చెయ్యి పెట్టకూడదు. అలా కాగితం రాసుకున్నారు.

పెద్దమనుషుల ముందు బాల్‌రాజ్ క్షణం కూడా ఆలోచించకుండా పైది కోరుకున్నాడు. డాబా ఎవరిదైతే మీద ఇంకో రెండంతస్తులు లేపుకునే హక్కు వాళ్లదే. ధనరాజ్ మొహం మాడిపోయింది. చిన్నోడు గట్టోడని పెద్దమనుషులు నవ్వుకుంటూ వెళ్లారు. ఆ పూట రోహిణి కూడా సంబరంగా సేమ్యా పాయసం వండింది. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే నవ్వొస్తుంది.

మీది అంతస్తులు లేవలేదు. ముందు అనుమతి రాలేదు. ఆ తరవాత పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి ఊరవతలికి తరలిపోయి బాల్‌రాజ్ కమీషన్ వ్యాపారం సగానికి పడిపోయింది. డాబా డాబాగానే ఉండిపోయింది. ఎండ మాత్రం ఏటేటా పెరుగుతూ వచ్చింది. మార్చి రాగానే స్లాబు కాలడం మొదలై, జూన్ సగమయ్యేదాకా చల్లారదు.

“నేను ఇల్లు పంచిన. ఎండను నేను పంచిన్నా?” అన్నాడు ధనరాజ్.

“ఎండను మీరు పంచలే బావా. మీ ఏసీల గాలే మాకు పంచుతున్నరు.”

 ఈ మాట ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఇలా మొహం మీదే అన్నవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు.

ఇంటి నడుమ గాలీ వెలుతురూ వస్తాయని కింది నుంచి డాబా దాకా ఒక ఇరుకు సందు వదిలారు. మూడు అంతస్తుల వంటింటి కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. ధనరాజ్ ఏడాదికొకటి చొప్పున నాలుగు ఏసీలు పెట్టించి, వాటి బయటి పెట్టెలు నాలుగూ ఆ సందు గోడలకే బిగించాడు. వీధి వైపు పెడితే కొత్తగా వేయించిన గ్రానైట్ ముందుభాగం అందం చెడుతుందన్నాడు. చక్రపాణిది ఇంకొకటి. ఐదు పెట్టెలూ కక్కే వేడి పైకే పోతుంది. పైకి పోయే దారిలో చివరి కిటికీ రోహిణిది. మూస్తే పొయ్యి సెగ లోపలే నిలుస్తుంది, తెరిస్తే సందు సెగ లోపలికి వస్తుంది.

ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫిబ్రవరిలోనే డాబా అంతా తెల్ల సున్నం కొట్టించింది. దాంతో పడగ్గది కాస్త తెరిపిన పడింది. వంటిల్లు పడలేదు, దాని వేడి కింది నుంచి వస్తోంది మరి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే చక్రపాణి, సాయిప్రియ అడిగిందని ఏప్రిల్‌లో ఒక థర్మామీటర్ తెచ్చి ఆ వంటింట్లో తగిలించాడు. మధ్యాహ్నం రెండున్నరకు డాబా మీద నీడలో నలభై ఉంటే లోపల నలభై నాలుగు చూపించింది. ఆయన అది చూసి ఏమీ అనలేక కిందికి వెళ్లి తన ఏసీ ఆపేశాడు. మూడో రోజు తల్లికి రక్తపోటు పెరిగితే మళ్లీ వేశాడు. ఆ వేసిన రోజు నుంచి మెట్ల మీద రోహిణి ఎదురైతే తల వంచుకుని వెళ్తున్నాడు.

“సందులకెల్లి తీసి వీధి దిక్కు పెట్టుమని పోయినేడే అడిగిన,” అంది రోహిణి.

“ఆలోచిస్త అన్న గదా.”

“ఏడాది ఆలోచించిన్రు.”

ధనరాజ్ ఫోన్ మోగింది. దాన్ని ఆశగా చూసి, మాట్లాడుకుంటూ కిందికి దిగిపోయాడు.

బాల్‌రాజ్ మూడు గంటలకు వచ్చాడు. తెల్లవారకముందే మార్కెట్‌కు పోయే మనిషి, చొక్కా నిండా మామిడి జీడి మరకలు. మెట్ల మధ్యలో తల్లిని చూసి ఆగాడు. విషయమంతా రోహిణి చెబుతుంటే వింటూ తల్లి పక్కనే కూర్చున్నాడు. తల్లి మొహంలోకి గాని, భార్య మొహంలోకి గాని చూడలేదు. అన్న చేత కోరుకున్నది నువ్వే అనిపించుకోవడం కొత్త కాదు గాని, భార్య దాకా ఆ మాట రావడం ఆయనకు కష్టంగా ఉంది.

ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే, మనమూ ఒక ఏసీ కొందామని. నెల రోజులుగా మొగుడూ పెళ్లాల మధ్య అదే తగాదా. దాని పెట్టె డాబా మీద పెడదాం, మన నెత్తిన కాకులు తప్ప ఎవరున్నారు, ఎవరికి తగులుతుంది ఆ వేడి అంటాడు. కరెంటు స్తంభం దగ్గర ఏప్రిల్‌లోనే మూడుసార్లు ఫ్యూజు పోయింది, పోయిన ప్రతిసారీ వెనక సందులో రేకుల ఇళ్లవాళ్లు పసిపిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చారు, మనం ఇంకొకటి తగిలిస్తే మొట్టమొదట ఆగేది వాళ్ల ఫ్యాన్లేనని ఆమె అంటుంది. ఊరి బాగోగులన్నీ నీకే కావాలా అని ఆయన విసుక్కుంటాడు. 

ఐదు గంటలకు ధనరాజ్ మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. ఈసారి మొహంలో బేరం కుదిరినప్పటి కళ ఉంది. భార్య అమలతో మాట్లాడి వచ్చానన్నాడు. అందరికీ పనికొచ్చే ఉపాయం దొరికిందన్నాడు.

“నడిమి అంతస్తు అవ్వది. బాల్‌రాజ్, నువ్వు పెండ్లాం పిల్లతోని అండ్లకు దిగు. మీ పైదాన్ని కిరాయికిద్దాం. ఆ కిరాయి అవ్వకే ఒస్తది. నీ వంతు నెల అవ్వ నడిమింట్ల ఉంటది. ఇగ పరేషానే లేదు.”

పైకి ఎవరొస్తారని బాల్‌రాజ్ అడిగాడు. చక్రపాణి సారు వాళ్లు ఉంటామంటే ఉండొచ్చు, లేదంటే కోచింగ్ పిల్లలు బోలెడుమంది, ఎక్కడైనా సర్దుకుంటారు అన్నాడు ధనరాజ్.

“మంచిగనే ఉంది అన్నా,” అన్నాడు బాల్‌రాజ్. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట అదే.

పుస్తకం పట్టుకుని పై మెట్ల మీదికి వచ్చి నిలబడ్డ సాయిప్రియ మొహం విప్పారింది. ఎంసెట్ పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులుంది. నెల రోజులుగా ఆ పిల్ల నెత్తి మీద తడి తువ్వాలు వేసుకుని లెక్కలు చేస్తోంది. తువ్వాలు నీళ్లు కారి నోటుబుక్కులు ఉబ్బిపోయాయి.

రోహిణికి కూడా సంతోషం కలిగింది. కలగలేదని చెప్పడం అబద్ధం. నడిమి ఇంటి గచ్చు కాళ్లకు ఎంత చల్లగా ఉంటుందో ఆమెకు తెలుసు. పైన ఇంకొకళ్ల ఇల్లు ఉంటే స్లాబు కాలదు. ఆ వంటింట్లో తన పొయ్యి ఏ గోడకు పెట్టాలో, బియ్యం డబ్బా ఎక్కడ సర్దాలో అప్పుడే లెక్క వేసుకుంటోంది.

అంతలో చక్రపాణి గుమ్మంలోకి వచ్చాడు. తలుపు ఓరగా ఉంది గనక అన్నీ విన్నట్టే. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్న మనిషి, ఇప్పుడు కొత్తగా వచ్చినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

“ఖాళీ చెయ్యమంటే చేస్తామండీ ధనరాజ్ గారూ,” అన్నాడు. “కాకపోతే అమ్మకి మోకాళ్ల వైద్యం పక్క వీధిలోనే జరుగుతోంది. ఇప్పటికిప్పుడు ఇంకో చోట దొరకడం కష్టం. మీరు ఇస్తానంటే మేం పైకే వెళ్తాం. సర్దుకుంటామండీ.”

“సూసినవా, వాళ్లకు లేని ఇబ్బంది మనకెందుకు?” ధనరాజ్ రోహిణి వైపు తిరిగాడు. “మొదలువెట్టింది నువ్వు. నువ్వు సరే అంటే అయిపోతది.”

అందరూ రోహిణి వైపు చూశారు. సరే అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా.

కొడుకు వెనక నుంచి వెంకాయమ్మ వచ్చి, గోడ పట్టుకుని మెల్లగా వంగి, మజ్జిగ గ్లాసు తీసుకుని మళ్లీ గోడ పట్టుకునే లేచింది. ఆ లేవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

“అమ్మా, మీకెన్నేండ్లు?” అని అడిగింది రోహిణి.

“మొన్న మాఘంలో డెబ్బై రెండు నిండాయమ్మా.”

ఇంకేమీ అడగనక్కరలేకపోయింది. పొద్దున తాను బావను నిలదీసిన మాట ఇప్పుడు తన ఎదురుగా వచ్చి నిలబడింది. అత్తకు పనికిరాని ఇల్లు ఈ మనిషికి ఎలా పనికొస్తుంది. ఆ ఒక్క క్షణంలో రోహిణికి ధనరాజ్ మీద కోపం పోయింది. ఆయన చేసిన పనే తాను చేయబోయింది, కాకపోతే ఒక అంతస్తు పైన.

“వద్దు బావా,” అంది.

బాల్‌రాజ్ విసురుగా లేచాడు. నోటి దాకా వచ్చినదాన్ని కాలదన్నుకుంటావా, నీకు ఏం కావాలో నీకైనా తెలుసా అని అందరి ముందే అరిచాడు. ఆమె ఒక మెట్టు కిందికి దిగింది. ధనరాజ్‌తోనే మాట్లాడింది.

“ఎవల్ని పైకి పంపినా ఆ వేడి గట్లనే ఉంటది. అత్తమ్మను వంతులేసుకున్నం గదా. ఆ వేడిని గూడ వంతులేసుకుందం. ఈ నెల మీరు పైకి ఎక్కున్రి, మేం మీ ఇంట్లకు దిగుతం. ఒచ్చే నెల మేం ఎక్కుతం. ఏటా మార్చి కాంచి వానలు పడేదాంక గింతే. తక్కిన దినాలు ఎవలింట్ల వాళ్లం. మీరొక నెల ఆ వంటింట్ల ఉంటే సందు సంగతి మీకే సమజైతది.”

 వాళ్ల చుట్టాల్లో ఇలాంటి మాట ఇంతవరకూ ఎవరూ విని ఉండరు. వాటా అంటే ఒకసారి పంచుకున్నాక చచ్చేదాకా వాటాయే. దాన్ని నెలకోసారి మార్చుకోవడమేమిటి?

బుచ్చవ్వ నవ్వింది.

“మనిషిని నెలకోపారి మార్సంగ లేంది, ఇల్లు మారిస్తే ఏం పోతదిరా?” అంది. “కోడలు చెప్పింది మంచిగున్నది. ఇంగొకటి ఇనున్రి. నడిమి ఇల్లు నాది. గా సారును, వాళ్లమ్మను ఎవలు కదపొద్దు. కిరాయి కాగితం మీద వేలిముద్ర నేనే ఎయ్యాలె గదా, ఎయ్య.”

చక్రపాణి కట్టుకున్న చేతులు విప్పి బుచ్చవ్వకు దండం పెట్టాడు. వెంకాయమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

ధనరాజ్ మెట్టు మీద కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. ఆయన అంతసేపు ఆలోచించడం రోహిణి ఎప్పుడూ చూడలేదు. కాదని లేచిపోతాడని ఆమె సిద్ధపడే ఉంది. కాదంటే ఏమనాలో కూడా మనసులో కూర్చుకుంది.

“సరే,” అన్నాడు ధనరాజ్. “ఒప్పుకుంట.”

బాల్‌రాజ్ నమ్మలేనట్టు అన్న వైపు చూశాడు.

“ఒక్కటే షరతు. మీ నెల మీరు కింద ఉంటరు. నాలుగు ఏసీలు నీ చేతులల్లనే ఉంటయి. పైన వంటింట్ల అమల ఉంటది. అప్పుడు నువ్వు అవి ఏస్తవా, బంద్ వెడ్తవా?” ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. “బంద్ వెడ్త అని మాటియ్యి. నేను గూడ నా నెలల బంద్ వెడ్త. రేపు పొద్దుగాలనే సామాన్లు ఎక్కిస్త.”

ఈ ప్రశ్న వస్తుందని రోహిణి అనుకోలేదు. మాట ఇవ్వడం ఎంతసేపు, రెండు ముక్కలు. ఆమె తల ఎత్తింది.

“పరీక్ష అయ్యేదాంక బంద్ ఒద్దని చెప్పమ్మా,” అంది సాయిప్రియ పై మెట్టు మీద నుంచి. “తొమ్మిది దినాలే గదా. తర్వాత బంద్ చేద్దం.”

మెల్లగానే అంది గాని అందరికీ వినపడింది. ధనరాజ్ కూడా విన్నాడు. ఆయన రోహిణి జవాబు కోసం చూస్తున్నాడు.

పొద్దుటి నుంచీ ఆమె పోట్లాడింది ఆ పిల్ల కోసమే. చల్లని గదిలో బల్ల ముందు కూర్చుని ఆ పిల్ల లెక్కలు చేసుకుంటుంటే, నెత్తి మీద తడి తువ్వాలు లేకుండా, చెమట కారకుండా చేసుకుంటుంటే, లేచి వెళ్లి ఏసీ ఆపే చెయ్యి తనకు ఉందా? లేదని రోహిణికి తెలుసు. పైన అమల ఆ వేడిలో నిలబడి వండుతుందని తెలిసి కూడా తాను ఆపదు.